అర్హ రిసీవర్‌పై డిఫెండర్ స్పర్శ: అమెరికన్ ఫుట్‌బాల్ నియమాల అన్వయం - ఒక వివరణ

వ్యాససంగ్రహం:

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని అందుకోవడానికి అర్హత గల రిసీవర్‌ను డిఫెండర్ ఎప్పుడు తాకవచ్చు, ఎప్పుడు తాకకూడదు అనే ప్రశ్నకు పాఠశాల, కళాశాల, వృత్తి స్థాయుల నియమావళులు మూడు భిన్నమైన సమాధానాలు చెబుతాయి. ఒకే స్పర్శ ఒకచోట న్యాయం, మరొకచోట నేరం కావడానికి కారణం ఆయా నియమాల వెనుక ఉన్న హేతువు వేరుకావడమే. ఆ హేతువులను విడదీసి చూపడం, కబడ్డీ నియమాలతో పోల్చడం, ఈ నియమాలను తెలుగులో చెప్పేటప్పుడు ఎదురయ్యే భాషాసమస్యలను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అమెరికన్ ఫుట్‌బాల్, రిసీవర్, డిఫెండర్, స్పర్శ నియమాలు, నియమాన్వయం, కబడ్డీ, ఫ్లాగ్ ఫుట్‌బాల్, పారిభాషిక అనువాదం.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదులో 'ఫుట్‌బాల్' అన్నమాట వినగానే కాలితో ఆడే ఆటే స్ఫురిస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించిన చరిత్ర ఆ మాటతో ముడిపడి ఉంది. అయితే అదే పేరుతో అమెరికాలో ప్రసిద్ధమైన మరో ఆటతో తెలుగువారికి ఇప్పుడు రెండు వైపుల నుంచి సంబంధం ఏర్పడింది.

మొదటిది వలస. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్.బి. నగర్ వరకు సాగే శిక్షణ కేంద్రాల వీధుల్లో చదువుకొని అమెరికా వెళ్ళినవారి పిల్లలు నేడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో పాఠశాలల్లో చదువుతున్నారు. అక్కడి పాఠశాల జీవితంలో శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ పోటీ ఒక ముఖ్య సందర్భం. రెండవది ఆటే ఇక్కడికి రావడం. ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో 'హైదరాబాద్ స్కైకింగ్స్' ఒక జట్టు. ఆ లీగ్ తొలి సీజన్ పోటీలు 2012లో శ్రీలంకలోని కొలంబోలో జరిగాయి. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం ఈ ఆటకు స్పర్శరహిత రూపమైన ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను 2028 లాస్ ఏంజెలిస్ క్రీడలలో చేర్చింది. కాబట్టి ఈ ఆట నియమాలను తెలుగులో కచ్చితంగా చెప్పగలగడం వ్యాయామ విద్య బోధించే అధ్యాపకులకు అవసరమవుతున్నది.

ఈ ఆటలో ప్రేక్షకులను ఎక్కువగా తికమక పెట్టేది డిఫెండర్ స్పర్శకు సంబంధించిన నియమం. రిసీవర్‌ను తోసినా ఒకసారి ఈల వినిపించదు. అంతకంటే తేలికగా తాకినా మరొకసారి పసుపుపచ్చ జెండా నేలమీద పడుతుంది. దీనిని రిఫరీల పక్షపాతంగా భావించేవారు చాలామంది. నిజానికి ఈ తేడాలలో అధికభాగం నియమంలోనే ఉన్నది.

2. అర్హ రిసీవర్ అంటే ఎవరు?

ప్రతి జట్టు నుంచి 11 మంది ఆడతారు. దాడి జట్టులో బంతిని వెనుకకు అందించే సమయానికి స్క్రిమేజ్ రేఖ మీద సాధారణంగా ఏడుగురు నిలుస్తారు. వారిలో రెండు చివరల ఉన్న ఇద్దరికి, రేఖకు వెనుక ఉన్నవారికి మాత్రమే ముందుకు విసిరిన బంతిని అందుకొనే అర్హత ఉంటుంది. మధ్యనున్న ఐదుగురికి ఆ అర్హత లేదు. 50 నుంచి 79 వరకు అంకెలు ధరించినవారు సాధారణంగా ఈ వర్గానికి చెందినవారు. బంతిని ముందుకు విసరడం 1906లో న్యాయసమ్మతమైంది. రిసీవర్ రక్షణ అనే సమస్య పుట్టింది అప్పటినుంచే.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం ఒకటున్నది. రిసీవర్‌కు రెండు పాత్రలు ఉంటాయి. అతడు బంతిని అందుకోవచ్చు. లేదా తన జట్టువాడు బంతితో పరుగెత్తుతుంటే డిఫెండర్‌ను దేహంతో అడ్డగించవచ్చు. ఎదురుగా దూసుకువస్తున్న రిసీవర్ ఈ రెండింటిలో ఏ పని చేయబోతున్నాడో డిఫెండర్‌కు ముందుగా తెలియదు. తనను అడ్డగించబోయేవాడిని చేతులతో నెట్టివేసే హక్కు డిఫెండర్‌కు లేకపోతే ఆట ఏకపక్షమవుతుంది. ఆ హక్కు అపరిమితమైతే ఏ రిసీవరూ ముందుకు కదలలేడు. స్పర్శ నియమాలన్నీ ఈ రెండు అన్యాయాల మధ్య గీసిన గీతలే.

3. స్పర్శకు మూడు దశలు:

నియమాన్వయంలో మొదట అడగవలసిన ప్రశ్న 'ఎంత గట్టిగా తాకాడు?' అన్నది కాదు, 'ఎప్పుడు తాకాడు?' అన్నది. కాలాన్ని మూడు దశలుగా విభజించుకోవాలి.

మొదటి దశ - బంతి ఆటలోకి వచ్చినప్పటి నుంచి విసిరే వరకు. ఈ దశలో జరిగే తప్పులు రెండు రకాలు. ఒకటి అక్రమ స్పర్శ లేదా చేతుల అక్రమ వినియోగం, రెండవది పట్టుకొని ఆపడం, అంటే హోల్డింగ్.

రెండవ దశ - బంతి గాలిలో ఉన్న సమయం. ఇప్పుడు బంతిని అందుకొనే ప్రయత్నానికి ఇరుపక్షాలకూ సమాన హక్కు ఉంటుంది. ఈ దశలో ప్రత్యర్థి అవకాశాన్ని దేహస్పర్శతో భంగపరచడమే పాస్ ఇంటర్‌ఫియరెన్స్. ఇద్దరూ బంతిని చూస్తూ దాని కోసం ప్రయత్నిస్తున్నప్పుడు యాదృచ్ఛికంగా తగిలితే తప్పు కాదు.

మూడవ దశ - బంతిని ఎవరైనా తాకిన తరువాత. అప్పటితో పాస్ ఇంటర్‌ఫియరెన్స్ నిషేధం ముగుస్తుంది. బంతిని పట్టినవాడిని కింద పడవేయడం డిఫెండర్ ధర్మమే అవుతుంది.

మొదటి దశలో జరిగిన స్పర్శను 'పాస్ ఇంటర్‌ఫియరెన్స్' అనడం వ్యాఖ్యాతలలోనూ ప్రేక్షకులలోనూ కనిపించే సాధారణ పొరపాటు. బంతి చేతిని వీడకముందు డిఫెండర్ చేసిన తప్పు ఆ పేరుకు చెందదు. దానికి శిక్షా వేరు.

4. పాఠశాల, కళాశాల నియమావళులు - సంబంధాన్ని బట్టి నిర్ణయం:

అమెరికాలో పాఠశాల పోటీలకు ఎన్.ఎఫ్.హెచ్.ఎస్. నియమావళి, కళాశాల పోటీలకు ఎన్.సి.ఎ.ఎ. నియమావళి ఆధారం. బంతి విసరకముందు స్పర్శ విషయంలో ఈ రెండూ గజాలు కొలవవు. ఆ క్షణంలో రిసీవర్‌కు, డిఫెండర్‌కు మధ్య ఉన్న సంబంధాన్ని చూస్తాయి.

పాఠశాల నియమం ప్రకారం, తనను అడ్డగించే అవకాశం ఇక లేని రిసీవర్‌ను డిఫెండర్ తాకకూడదు. రిసీవర్ ఎదురుగా వస్తున్నంతసేపు అతడిని అడ్డగించగలవాడిగానే పరిగణించాలి. అతడు పక్కకు తిరిగి దూరంగా వెళ్తున్నా, డిఫెండర్‌ను దాటిపోయినా ఆ అవకాశం పోయినట్లే. ఉల్లంఘనకు శిక్ష 10 గజాలు. కళాశాల నియమం ఇదే భావాన్ని మరికొంత కొలతతో చెబుతుంది. రిసీవర్ డిఫెండర్ నిలిచిన గజరేఖకు చేరేంతవరకు, లేదా అతడు అడ్డగించడం అసాధ్యమయ్యేంతవరకు మాత్రమే డిఫెండర్ అతడిని నెట్టవచ్చు. ఎడతెగకుండా తాకుతూ ఉండటం మాత్రం నిషిద్ధం.

శాస్త్రగ్రంథాల అన్వయంలో పరిచితులైన పాఠకులకు ఇందులోని తర్కం కొత్తది కాదు. డిఫెండర్‌కు లభించిన అనుమతి నైమిత్తికం. 'రిసీవర్ అడ్డగించవచ్చు' అన్నది దాని నిమిత్తం. నిమిత్తం తొలగితే నైమిత్తికమూ తొలగుతుంది. కాబట్టి రిఫరీ చూడవలసింది డిఫెండర్ చేతులను మాత్రమే కాదు. రిసీవర్ భుజాలు ఏ దిశకు తిరిగి ఉన్నాయన్నదీ చూడాలి.

5. వృత్తి లీగ్ - స్థలాన్ని బట్టి నిర్ణయం:

ఎన్.ఎఫ్.ఎల్. మార్గం వేరు. అక్కడ గీత సంబంధం మీద కాక స్థలం మీద ఉంటుంది. స్క్రిమేజ్ రేఖ నుంచి 5 గజాలలోపు, తన ముందున్న రిసీవర్‌ను డిఫెండర్ నెట్టవచ్చు. ఆ 5 గజాలు దాటిన తరువాత, క్వార్టర్‌బ్యాక్ బంతితో 'పాకెట్' అనే రక్షిత ప్రదేశంలోనే ఉన్నంతవరకు, తప్పించుకోజూస్తున్న రిసీవర్‌పై డిఫెండర్ తానుగా స్పర్శకు దిగకూడదు. రిసీవరే వచ్చి ఢీకొనబోతే ఆత్మరక్షణకు చేతులు అడ్డుపెట్టుకోవచ్చు. ఉల్లంఘిస్తే 5 గజాల శిక్షతో పాటు దాడి జట్టుకు కొత్తగా మొదటి ప్రయత్నం లభిస్తుంది.

ఈ నియమం క్రమపరిణామంలో వచ్చింది. 1974లో, రిసీవర్ రేఖకు 3 గజాల ఆవలకు వెళ్ళాక ఒక్కసారే తాకాలన్న పరిమితి ఏర్పడింది. 1978లో 5 గజాల నియమం వచ్చింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు డిఫెండర్ మెల్ బ్లౌంట్ రిసీవర్లను మైదానం పొడుగునా దేహబలంతో కట్టడి చేసేవాడు. అందువల్ల ఆ నియమానికి అతడి పేరే వ్యవహారంలో నిలిచిపోయింది. నియమాన్ని మార్చవలసి వచ్చినంత సమర్థుడైన అతడు 1989లో ఆ ఆట ప్రతిష్ఠామందిరంలో స్థానం పొందాడు.

అక్షరం మారకుండానే అన్వయం మారడానికి 2004 మంచి నిదర్శనం. ఆ ఏడాది జనవరిలో న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ డిఫెండర్లు ఇండియానాపొలిస్ కోల్ట్స్ రిసీవర్లను గట్టిగా కట్టడి చేసి 24-14తో గెలిచారు. తరువాతి సీజన్‌లో ఉన్న నియమాన్నే కఠినంగా అమలు చేయాలని రిఫరీలకు ఆదేశం వెళ్ళింది. ఆ సీజన్‌లోనే కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 49 టచ్‌డౌన్ పాసులతో అప్పటికి కొత్త రికార్డు నెలకొల్పాడు. ఒక రికార్డుకు ఒకే కారణం చూపడం సరికాదు గాని, రిసీవర్ల స్వేచ్ఛ పెరిగిన కాలంలో అది వచ్చిందన్నది స్పష్టం.

6. సందర్భాల పరిశీలన:

పై సూత్రాలను నాలుగు సందర్భాలకు అన్వయిస్తే తేడాలు తేటపడతాయి. మొదటి మూడింటిలో బంతి ఇంకా విసరలేదని గ్రహించాలి.

సందర్భం 1: రిసీవర్ రేఖ నుంచి 4 గజాలు వచ్చాడు. ఎదురుగా ఉన్న డిఫెండర్ తెరిచిన అరచేతులతో అతడి ఛాతీపై ఒకసారి నెట్టాడు. మూడు నియమావళులలోనూ ఇది న్యాయమే.

సందర్భం 2: రిసీవర్ 8 గజాలు వచ్చాడు, ఇంకా డిఫెండర్‌కు ఎదురుగానే వస్తున్నాడు. క్వార్టర్‌బ్యాక్ పాకెట్‌లోనే ఉన్నాడు. డిఫెండర్ నెట్టాడు. వృత్తి లీగ్‌లో ఇది అక్రమ స్పర్శ. పాఠశాల, కళాశాల పోటీలలో న్యాయం. ఎందుకంటే రిసీవర్ ఇంకా అడ్డగించగల స్థితిలోనే ఉన్నాడు. టీవీలో వృత్తి పోటీలు చూసి అలవాటైన తల్లిదండ్రులు పాఠశాల మైదానంలో జెండా పడలేదని ఆగ్రహించేది సరిగ్గా ఇక్కడే.

సందర్భం 3: రిసీవర్ 4 గజాల దగ్గరే పక్కకు తిరిగి దూరంగా పరుగు తీశాడు. డిఫెండర్ అతడిని వెంబడించి భుజంపై నెట్టాడు. పాఠశాల పోటీలో ఇది తప్పు. 5 గజాలలోపే ఉన్నానన్న సమర్థన అక్కడ చెల్లదు, ఆ నియమావళిలో ఆ గీతే లేదు. వృత్తి లీగ్‌లో మాత్రం రిసీవర్ డిఫెండర్‌ను దాటిపోకుండా, వీపుపై చేయి పడకుండా, పట్టుకోవడం లేకుండా ఉంటే ఆ స్పర్శకు అవకాశముంది.

సందర్భం 4: బంతి గాలిలో ఉంది. మూడో ప్రయత్నంలో ఇంకా 20 గజాలు సాధించవలసి ఉండగా, 12 గజాల దూరంలో డిఫెండర్ రిసీవర్‌ను ముందే గుద్దేశాడు. మూడింటిలోనూ ఇది పాస్ ఇంటర్‌ఫియరెన్స్. తేడా శిక్షలో ఉన్నది. పాఠశాల నియమావళిలో 15 గజాలు ఇస్తారు. కానీ 2013లో వచ్చిన మార్పు వల్ల దానంతట అదే మొదటి ప్రయత్నం రాదు. అందువల్ల మూడో ప్రయత్నమే, 5 గజాల లక్ష్యంతో మళ్ళీ జరుగుతుంది. కళాశాల నియమావళిలో తప్పు జరిగిన 12 గజాల చోటే బంతిని ఉంచి మొదటి ప్రయత్నం ఇస్తారు; తప్పు ఎంత దూరంలో జరిగినా 15 గజాలకు మించి లాభం రాదు. వృత్తి లీగ్‌లో తప్పు జరిగిన చోటే బంతి, మొదటి ప్రయత్నం. దూరానికి పరిమితి లేదు.

ఈ నాలుగో సందర్భం ప్రవాస తెలుగు కుటుంబాలకు నేరుగా వర్తిస్తుంది. టెక్సాస్ ప్రభుత్వ పాఠశాలల పోటీలు కళాశాల నియమావళి ఆధారంగా జరుగుతాయి. న్యూజెర్సీలో పాఠశాల నియమావళి అమలులో ఉంది. ఫ్రిస్కోలో ఆడే పిల్లవాడికీ, ఎడిసన్‌లో ఆడే అతడి పెదనాన్న కొడుక్కీ ఒకే తప్పుకు వేర్వేరు ఫలితాలు వస్తాయి. ఇద్దరి ఇళ్ళలోనూ రిఫరీని తప్పుపట్టే ముందు ఏ పుస్తకం అమలులో ఉన్నదో చూడటం న్యాయం.

7. నియమం స్పష్టం, నిర్ణయం అస్పష్టం:

నియమం ఎంత తేటగా ఉన్నా దాన్ని క్షణంలో అన్వయించేది మనిషి. 2019 జనవరి 20న న్యూ ఓర్లీన్స్‌లో సెయింట్స్, రామ్స్ జట్ల మధ్య పోటీ 20-20 వద్ద ఉండగా, చివరి రెండు నిమిషాలలో రామ్స్ డిఫెండర్ నికెల్ రోబీ-కోల్‌మన్ బంతి రాకముందే సెయింట్స్ రిసీవర్ టామీలీ లూయిస్‌ను ఢీకొన్నాడు. జెండా పడలేదు. రామ్స్ అదనపు సమయంలో 26-23తో గెలిచి సూపర్ బౌల్‌కు వెళ్ళారు.

ఆ వివాదం ఫలితంగా 2019 మార్చిలో జట్ల యాజమాన్యాలు 31-1 ఓట్లతో పాస్ ఇంటర్‌ఫియరెన్స్ నిర్ణయాలను వీడియోతో సమీక్షించడానికి ఒక సీజన్ పాటు అనుమతించాయి. ఆ ప్రయోగం తరువాత కొనసాగలేదు. బంతి గీత దాటిందా లేదా అన్నది వస్తుస్థితి. దాన్ని చిత్రం తేల్చగలదు. స్పర్శ వల్ల అవకాశం 'గణనీయంగా' దెబ్బతిన్నదా అన్నది తీర్పు. చిత్రాన్ని నెమ్మదిగా ఎన్నిసార్లు తిప్పి చూసినా ఆ ప్రశ్న ప్రశ్నగానే మిగులుతుంది. నెమ్మదించిన చిత్రంలో స్వల్పమైన తాకిడి కూడా పెద్దదిగా కనిపిస్తుందన్నది మరో చిక్కు.

8. కబడ్డీతో పోలిక:

తెలుగు విద్యార్థికి ఈ తర్కాన్ని బోధించడానికి చెడుగుడు మంచి ఆధారం. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం పరిసరాల్లో పెరిగిన పిల్లలకు కబడ్డీ కోర్టు గీతలు వివరించనక్కరలేదు. కూతకు వెళ్ళిన ఆటగాడు ఎవరినీ తాకనంతవరకు లాబీలు కోర్టులో భాగం కావు. పెనుగులాట మొదలైన క్షణం నుంచి అవి కోర్టులో చేరతాయి. అంటే, ఒకే స్థలం న్యాయపరమైన స్థితి ఆట దశను బట్టి మారుతున్నది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతిని వీడగానే స్పర్శ స్థితి మారడం ఇలాంటిదే.

కూతగాడిని కాళ్ళుచేతులు, మొండెం పట్టుకొని ఆపవచ్చు. నోరు మూసి కూత ఆపకూడదు. బలప్రయోగం ఆటలో భాగమే. కాని ప్రత్యర్థి ఆడగలగడానికి ఆధారమైనదాన్ని హరించకూడదు. కబడ్డీలో ఆ ఆధారం ఊపిరి, కూత. రిసీవర్‌కు అది కదలిక, బంతిని చేరే దారి. రెండు ఆటల నియమకర్తలూ బలానికి అవకాశమిస్తూనే ఆధారాన్ని కాపాడారు.

భేదమూ ఉంది. కబడ్డీలో 'పట్టు' డిఫెండర్ నైపుణ్యానికి పేరు. బంతి చేతిలో లేని రిసీవర్‌పై అదే పట్టు అమెరికన్ ఫుట్‌బాల్‌లో శిక్షార్హం. కబడ్డీ నుంచి ఈ ఆటకు వచ్చే క్రీడాకారుడు మొదట మరచిపోవలసిన అలవాటు ఇదే.

9. తెలుగులో చెప్పేటప్పుడు:

నియమానువాదంలో మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, క్రియాపదాల భేదం. తాకడం, నెట్టడం, అడ్డగించడం, పట్టుకోవడం - ఈ నాలుగూ నియమంలో నాలుగు వేర్వేరు చర్యలు. అన్నింటినీ 'అడ్డుకోవడం' అంటే న్యాయమైన చర్యకూ నేరానికీ హద్దు చెరిగిపోతుంది.

రెండవది, కాలబోధ. 'అడ్డగించే రిసీవర్' అన్నప్పుడు తెలుగు తద్ధర్మ విశేషణం అలవాటును, వర్తమానాన్ని, భవిష్యత్తును కలిపి సూచిస్తుంది. నియమం చెప్పేది ఇప్పుడు అడ్డగిస్తున్నవాడి గురించి కాదు, అడ్డగించగల అవకాశం ఉన్నవాడి గురించి. కాబట్టి 'అడ్డగించగల స్థితిలో ఉన్న రిసీవర్' అనడమే సరైనది.

మూడవది, 'వరకు' అనే మాట. 'గజరేఖకు చేరేవరకు' అంటే చేరిన క్షణం లోపలిదా, వెలుపలిదా? నియమం ప్రకారం చేరిన క్షణంతో అనుమతి ముగుస్తుంది. 'చేరేంతవరకే, చేరిన తరువాత కాదు' అని రెండు వైపులా చెబితే సందేహానికి తావుండదు.

ఫ్లాగ్ ఫుట్‌బాల్ బోధనలో మరో జాగ్రత్త కావాలి. ఒలింపిక్స్‌కు ఎంపికైన ఐదుగురు ఆటగాళ్ళ రూపంలో నడుముకు కట్టిన జెండాను లాగడమే ఆటగాడిని ఆపే పద్ధతి, దేహస్పర్శ నిషిద్ధం. పైన చర్చించిన 5 గజాల అనుమతిని గాని, అడ్డగించగలవాడిని నెట్టే హక్కును గాని అక్కడికి తీసుకుపోకూడదు. నిమిత్తమైన అడ్డగింతే ఆ రూపంలో లేనప్పుడు, దాని వల్ల వచ్చిన అనుమతీ ఉండదు.

10. ముగింపు:

అర్హ రిసీవర్‌పై స్పర్శను నిర్ణయించడానికి వరుసగా నాలుగు ప్రశ్నలు వేయాలి. ఏ నియమావళి అమలులో ఉంది? బంతి చేతిలో ఉందా, గాలిలో ఉందా? రిసీవర్ అడ్డగించగల స్థితిలో ఉన్నాడా, లేక వృత్తి లీగ్ అయితే 5 గజాలు దాటాడా? జరిగినది తాకిడా, నెట్టడమా, పట్టుకోవడమా? స్పర్శ బలం గురించిన ప్రశ్న వీటి తరువాతే వస్తుంది.

పాఠశాల స్థాయిలో ఈ విషయానికి ఉన్న ప్రాముఖ్యం పాయింట్లతో ముగిసేది కాదు. టీవీలో చూసిన నియమాన్ని నమ్మి ఆడిన పదిహేనేళ్ళ డిఫెండర్ తన జట్టుకు 10 గజాలు నష్టం తెచ్చి తలదించుకోవడం, తాకే హక్కు లేనిచోట గుద్దిన దెబ్బకు చూపు బంతిపై ఉన్న రిసీవర్ గాయపడటం - ఈ రెండింటినీ నివారించగలిగేది నియమహేతువును ముందుగా బోధించే అధ్యాపకుడే. గజాల లెక్క పుస్తకంలో చూసుకోవచ్చు. హేతువు తెలిసిన విద్యార్థి, ఆ లెక్క రేపు మారినా కొత్త నియమాన్ని సరిగా చదువుకోగలుగుతాడు.